ఎప్పటికీ చెరగని క్రీడా రికార్డులు: ఏవి నిలుస్తాయి, ఎందుకు నిలుస్తాయి?

పీలేరు_వ్యాయామం

“ఈ రికార్డును ఇక ఎవరూ బద్దలు కొట్టలేరు” అన్న మాట ప్రతి పెద్ద సిరీస్ సమయంలోనూ వినిపిస్తూనే ఉంటుంది గాని, ఎందుకు కొట్టలేరో వివరించేవారు అరుదు. అందుకని ఈ చర్చను ఒక షరతుతో ప్రారంభిస్తున్నాను. ఏ రికార్డు పేరు చెప్పినా దానిని ఇంతకాలం కాపాడుతున్నది ఏమిటో కూడా చెప్పాలి. ఊరికే అభిమాన ఆటగాళ్ల పేర్లు వరుసగా రాసుకుంటూ పోతే అది రచ్చబండ కబుర్లకే సరిపోతుంది.

నా ఓటు డాన్ బ్రాడ్‌మన్ టెస్టు సగటుకు. 52 టెస్టులు, 80 ఇన్నింగ్స్, 10 సార్లు నాటౌట్, 6,996 పరుగులు, సగటు 99.94. 1948 ఆగస్టు 14న ఓవల్‌లో చివరి ఇన్నింగ్స్‌కు దిగినప్పుడు నాలుగు పరుగులు చేసి ఉంటే సగటు వందకు చేరేది. ఎరిక్ హోలీస్ వేసిన రెండో బంతికే బౌల్డయి సున్నాకు వెనుదిరిగారు. ఆ కథ అందరికీ తెలిసిందే. నాకు కథకంటే ఆయన వెనుక మిగిలిన ఖాళీ ముఖ్యంగా కనిపిస్తుంది. కనీసం 20 ఇన్నింగ్స్ ఆడి విరమించినవారిలో రెండో స్థానం ఆడమ్ వోజెస్‌ది, 61.87. ఆ తరువాత గ్రేమ్ పొలాక్ 60.97, జార్జ్ హెడ్లీ 60.83, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ 60.73. అరవై దాటగానే నలుగురు భుజాలు రాసుకుంటూ నిలబడి ఉన్నారు, వంద అంచున ఒక్కరే ఉన్నారు, మధ్యలో మనిషన్నవాడు లేడు. ఏ ఆటలోనైనా మొదటి స్థానానికీ రెండో స్థానానికీ ఇంత దూరం ఉన్న సందర్భం నాకు మరొకటి కనిపించలేదు.

కొర్లగుంట_క్రికెట్

మాస్టారు గారికి నమస్కారం. 99.94 గొప్ప సంఖ్యే, కాదనను. అయితే బ్రాడ్‌మన్ తన టెస్టులన్నీ ఆస్ట్రేలియా, ఇంగ్లండ్ గడ్డమీదనే ఆడారు. 52లో 37 ఇంగ్లండ్ జట్టుపైనే. చెన్నైలోని చెపాక్‌లో నాలుగో రోజు సాయంత్రం పిచ్ మీద దుమ్ము లేస్తుండగా ఎడమచేతి స్పిన్నర్‌ను ఎదుర్కోవలసిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. ఇప్పటి బ్యాటర్ ఒకే ఏడాదిలో పెర్త్‌లోనూ, గాలేలోనూ, లార్డ్స్‌లోనూ ఆడి చూపాలి.

నా దృష్టిలో ఇక ఎవరికీ అందనివి రెండు. మొదటిది ముత్తయ్య మురళీధరన్ 800 టెస్టు వికెట్లు. 133 టెస్టులు, అంటే మ్యాచ్‌కు ఆరు వికెట్ల చొప్పున. 2010 జులైలో గాలేలో తన చివరి టెస్టు ఆడుతూ, ప్రజ్ఞాన్ ఓఝాను ఔట్ చేసి ఆ సంఖ్యను అందుకున్నారు. షేన్ వార్న్ 708 దగ్గర, జేమ్స్ ఆండర్సన్ 704 దగ్గర ఆగిపోయారు. మన అశ్విన్ 106 టెస్టుల్లో 537 వికెట్లు తీసి 2024 డిసెంబరులో విరమించారు. రెండోది సచిన్ టెండూల్కర్ వంద అంతర్జాతీయ శతకాలు: టెస్టుల్లో 51, వన్డేల్లో 49, నూరోది 2012 మార్చి 16న మీర్పూర్‌లో వచ్చింది. విరాట్ కోహ్లి 80 దాటిన తరువాత 2025 మేలో టెస్టులకు వీడ్కోలు చెప్పారు. అంతర్జాతీయ టీ20లను అంతకు ముందే వదిలేశారు. వన్డేలే తగ్గిపోతున్న ఈ రోజుల్లో మిగిలిన దూరాన్ని వాటితోనే పూర్తి చేయడం ఆయనకు చాలా కష్టం. ఇక కొత్తగా జట్టులోకి వచ్చే కుర్రవాడికి 24 ఏళ్లపాటు 200 టెస్టులు, 463 వన్డేలు ఆడే అవకాశం ఎవరు ఇస్తారు?

చంద్రగిరి_చదువరి

ఇద్దరికీ ఒక మనవి. “ఎన్నటికీ” అనే ముందు మన పొరుగునే ఉన్న చెపాక్ చరిత్రను ఒకసారి చూద్దాం. 1997 మే 21న పాకిస్తాన్ ఓపెనర్ సయీద్ అన్వర్ అక్కడ భారత్‌పై 194 పరుగులు చేశారు. చిత్తూరు నుంచి బస్సెక్కి వెళ్లి ఆ మ్యాచ్ చూసి వచ్చిన మా పెదనాన్న, వన్డేలో మనిషి చేయగలిగింది అంతేనని, అంతకు మించి ఓవర్లు ఉండవని ఏళ్ల తరబడి వాదించేవారు. ఆ రోజు ఎండకు తట్టుకోలేక అన్వర్ రన్నర్‌ను తీసుకున్నారు. షాహిద్ అఫ్రిది ఆయన కోసం పరుగెత్తారు. (అంతర్జాతీయ క్రికెట్‌లో రన్నర్ సౌకర్యాన్ని 2011లో తీసివేశారు, కనుక ఆ ఇన్నింగ్స్ ఆ రూపంలో ఇప్పుడు సాధ్యం కాదు.) చివరికి ఆయనను ఔట్ చేసిన బౌలర్ టెండూల్కర్. 2010 ఫిబ్రవరి 24న గ్వాలియర్‌లో 200 నాటౌట్‌తో ఆ రికార్డును దాటినదీ ఆ టెండూల్కరే. మరో నాలుగేళ్లకు రోహిత్ శర్మ 264 చేశారు. మా పెదనాన్న వాదన పదమూడేళ్లు కూడా నిలవలేదు.

అదే మద్రాసులో, కార్పొరేషన్ స్టేడియంలో, 1956 జనవరిలో వినూ మన్కడ్, పంకజ్ రాయ్ న్యూజిలాండ్‌పై తొలి వికెట్‌కు 413 పరుగులు జోడించారు. అది 52 ఏళ్లు నిలిచింది. 2008లో దక్షిణాఫ్రికా ఓపెనర్లు గ్రేమ్ స్మిత్, నీల్ మెకెంజీ చిట్టగాంగ్‌లో 415 చేసి దానిని దాటారు. కేవలం రెండు పరుగుల తేడా. అర్ధ శతాబ్దం నిలిచినది కూడా ఒక మామూలు సిరీస్‌లో, ఎవరూ పెద్దగా ఎదురుచూడని రోజున పోయింది.

పీలేరు_వ్యాయామం

కొర్లగుంట మిత్రుని అభ్యంతరం న్యాయమైనదే, కాని అది సగం దూరమే వెళుతుంది. బ్రాడ్‌మన్‌కు పరిస్థితులు అనుకూలించాయని అంటే, అదే కాలంలో అవే పిచ్‌లపై ఆడినవారికి కూడా అనుకూలించి ఉండాలి కదా. వాల్టర్ హమండ్ సగటు 58.45 దగ్గర ఆగింది. పైన చెప్పిన సట్‌క్లిఫ్, హెడ్లీ కూడా ఆ కాలపువారే. బ్రాడ్‌మన్‌ను ఆపడానికే, బ్యాటర్ శరీరానికి గురిపెట్టి బంతులు వేసే బాడీలైన్ వ్యూహాన్ని పన్నిన 1932–33 సిరీస్‌లో ఆయన సగటు 56.57, దానిని ఆయన వైఫల్యంగా రాస్తారు. మిగిలిన ప్రపంచంలో అది ఒక గొప్ప బ్యాటర్ జీవితకాలపు సగటు.

మురళీధరన్, సచిన్‌ల రికార్డులు వేరే జాతికి చెందినవి. అవి కూడబెట్టినవి. ప్రతిభతోపాటు ఎన్ని మ్యాచ్‌లు దొరికాయన్నది వాటిలో పెద్ద పాత్ర వహిస్తుంది. సగటుకు ఆ సౌలభ్యం లేదు. ఎక్కువ ఆడినకొద్దీ అది పడిపోయే ప్రమాదమే ఎక్కువ.

గ్రీమ్స్‌పేట_గణితం

మాస్టారు గారి చివరి వాక్యానికి వోజెస్ కథే మంచి ఉదాహరణ. ముప్పై అయిదేళ్ల వయసులో ఆస్ట్రేలియా టెస్టు జట్టులోకి వచ్చిన ఆయన, ఒక దశలో 269 నాటౌట్, 106 నాటౌట్, 239 చేసి, రెండుసార్లు ఔట్ కావడానికి మధ్య 614 పరుగులు సాధించారు. 2016 ఫిబ్రవరిలో వెల్లింగ్టన్ టెస్టు ముగిసేసరికి ఆయన సగటు 95 దాటింది, బ్రాడ్‌మన్‌తో పోలుస్తూ పత్రికలు రాశాయి. అదే ఏడాది నవంబరుకు ఆయన టెస్టు జీవితం ముగిసింది. 20 టెస్టుల తరువాత మిగిలింది 61.87. శ్రీలంక ఆటగాడు కమిందు మెండిస్ కూడా 2024లో 13 ఇన్నింగ్స్‌లోనే వెయ్యి పరుగులు చేసి ఈ విషయంలో బ్రాడ్‌మన్‌తో సమానంగా నిలిచారు. ఆయన సగటు కూడా ఆ తరువాత కిందికి దిగింది.

కొద్ది ఇన్నింగ్స్‌లో 95 రావడం అదృష్టం కలిసివస్తే జరిగే పనే. అదే స్థాయి 80 ఇన్నింగ్స్‌పాటు, ఇరవై ఏళ్ల వ్యవధిలో, నడుమ ప్రపంచయుద్ధం మింగేసిన సంవత్సరాలు పోగా నిలబడటమే అసలు విషయం. నమూనా పెద్దదైనకొద్దీ సంఖ్యలు సాధారణ స్థాయికి జారుకుంటాయని మేము తరగతిలో చెబుతాం. బ్రాడ్‌మన్ ఒక్కరి దగ్గర ఆ సూత్రం ఎందుకో తటపటాయించింది.

మదనపల్లె_ఈటె

క్రికెట్ వదలి మైదానం అంచుకు కూడా రండి సార్. బద్దలు కొట్టడానికి నిజంగానే వీలులేని రికార్డు కావాలంటే జావెలిన్‌లో ఉంది. 1984 జులై 20న తూర్పు జర్మనీ త్రోయర్ ఉవే హోన్ బెర్లిన్‌లో 104.80 మీటర్లు విసిరారు. వంద మీటర్లు దాటి విసిరినది చరిత్రలో ఆయన ఒక్కరే. అప్పటి ఈటెలు గాలిలో తేలుతూ పోయి చాలాసార్లు మొనమీద కాకుండా బల్లపరుపుగా పడేవి, దాంతో త్రో చెల్లుతుందా లేదా అన్న తగాదాలు వచ్చేవి. దూరాలు కూడా స్టేడియంలో ఇమడని స్థితికి చేరుతున్నాయి. అందుచేత 1986లో పురుషుల ఈటె గరిమనాభిని (బరువు కేంద్రాన్ని) 4 సెంటీమీటర్లు ముందుకు జరిపారు. మొన త్వరగా నేలవైపు వంగుతుంది, దూరం తగ్గుతుంది. రికార్డుల లెక్క మళ్లీ మొదటినుంచి ప్రారంభమైంది.

కొత్త ఈటెతో చెక్ దేశపు యాన్ జెలెజ్నీ 1996 మే 25న జెనా నగరంలో 98.48 మీటర్లు విసిరారు. నీరజ్ చోప్రా 2025 మేలో దోహాలో 90.23 విసిరి తొంభై దాటినప్పుడు ఆయనకు కోచ్‌గా ఉన్నది ఆ జెలెజ్నీయే. గురువుకూ శిష్యునికీ మధ్య ఇంకా ఎనిమిది మీటర్లకు పైగా ఉంది. జెలెజ్నీ రికార్డు కష్టం. హోన్ రికార్డు అసాధ్యం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

కొర్లగుంట_క్రికెట్

ఈటె మిత్రమా, తలుపు మూసేసిన తరువాత లోపల మిగిలిపోయినదాన్ని చెరగని రికార్డు అంటే నాకు రుచించదు. అది మ్యూజియం వస్తువు. వింబుల్డన్‌లో 2010లో జాన్ ఇస్నర్, నికొలా మహూ మూడు రోజులపాటు 11 గంటల 5 నిమిషాలు ఆడిన మ్యాచ్ కూడా అంతే. అయిదో సెట్ 70–68. ఇప్పుడు నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలోనూ చివరి సెట్ 6–6కు చేరగానే పది పాయింట్ల టైబ్రేక్ ఆడిస్తున్నారు, 2022 నుంచి ఇదే పద్ధతి. కాబట్టి ఆ మ్యాచ్‌ను దాటే మ్యాచ్ రాదు. అందులో ఇస్నర్ గొప్పతనం ఎంత, నిబంధన పాత్ర ఎంత?

చంద్రగిరి_చదువరి

అలా అయితే తమ్ముడూ, మీరు పైన చెప్పిన సచిన్, మురళీధరన్ రికార్డులకు కూడా అదే సూత్రం వర్తిస్తుంది. అక్కడ తలుపును మూసినది నిబంధన కాదు, మ్యాచ్‌ల క్యాలెండర్. ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్‌ను చూడండి. విల్‌ఫ్రెడ్ రోడ్స్ 1898 నుంచి 1930 వరకు 1,100కు పైగా ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు ఆడి 4,000కు పైగా వికెట్లు తీశారు. జాక్ హాబ్స్ 61,000కు పైగా పరుగులు చేశారు. ఫస్ట్‌క్లాస్‌లో నూరు శతకాలు పూర్తిచేసిన చివరి బ్యాటర్ మార్క్ రాంప్రకాశ్, అది 2008లో. మూడేసి రోజుల మ్యాచ్‌లు వారానికి రెండు చొప్పున ఆడే ఆ జీవితమే ఇప్పుడు లేదు. రోడ్స్‌ను దాటగల బౌలర్ ఈ రోజు చంద్రగిరి కోట దగ్గర టెన్నిస్ బంతితో ఆడుకుంటూ ఉండవచ్చు గాక, అతనికి అన్ని మ్యాచ్‌లు ఇవ్వగల బోర్డు భూమ్మీద లేదు.

శ్రీకాళహస్తి_పరుగు

అందరికీ నమస్కారం. నేను 400 మీటర్లు పరుగెత్తేదాన్ని, కాబట్టి మహిళల ట్రాక్ రికార్డుల గురించి కొంత చెప్పాలి. ఇక్కడ చాలా రికార్డులు నిలిచి ఉండటానికి కారణం వేరు.

తూర్పు జర్మనీకి చెందిన మరీటా కోచ్ 1985 అక్టోబరు 6న కాన్‌బెరాలో 400 మీటర్లను 47.60 సెకన్లలో పరుగెత్తారు. చెకొస్లొవేకియాకు చెందిన యర్మిలా క్రటోచ్విలోవా 1983 జులై 26న మ్యూనిక్‌లో 800 మీటర్లను 1 నిమిషం 53.28 సెకన్లలో ముగించారు. ఇద్దరూ ఏ డోపింగ్ పరీక్షలోనూ పట్టుబడలేదు, ఆరోపణలను ఖండించారు. కాని తూర్పు జర్మనీ ప్రభుత్వమే క్రీడాకారులకు మందులు ఇప్పించే వ్యవస్థను నడిపిందని బెర్లిన్ గోడ కూలిన తరువాత బయటపడిన పత్రాలు నిరూపించాయి. ఆ వ్యవస్థలో ఎవరికి ఏమి ఇస్తున్నారో అథ్లెట్లకే సరిగా చెప్పని సందర్భాలు ఉన్నాయి. ఈ నీడ ఆ కాలపు సంఖ్యలన్నిటిమీద పడుతుంది. 2005కు ముందరి రికార్డులను రద్దు చేయాలని 2017లో యూరోపియన్ అథ్లెటిక్స్ ప్రతిపాదించింది. అది అమలు కాలేదు, కాకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే నేరం రుజువు కానివారి పేరు కూడా ఆ తుడుపులో పోతుంది.

100 మీటర్లలో ఫ్లోరెన్స్ గ్రిఫిత్ జాయ్‌నర్ 10.49 సెకన్లు మరో రకం. 1988 జులై 16న ఇండియానాపొలిస్‌లో ఆ పరుగు జరిగినప్పుడు 100 మీటర్ల గాలి మీటర్ 0.0 చూపింది. అదే సమయంలో పక్కనే జరుగుతున్న ట్రిపుల్ జంప్ మీటర్ సెకనుకు 4.3 మీటర్లు చూపింది, రికార్డుకు అనుమతించే వెనుకగాలి 2.0 మాత్రమే. 2021లో ఇలేన్ థామ్సన్ హెరా 10.54 పరుగెత్తి దగ్గరికి వచ్చారు.

అయినా కోచ్ రికార్డు చెరగదని నేను అనను. 2025 సెప్టెంబరులో టోక్యో ప్రపంచ పోటీల్లో సిడ్నీ మెక్‌లాగ్లిన్ లెవ్రోన్ 47.78 పరుగెత్తారు. నలభై ఏళ్లపాటు ఎవరూ దాని నీడను తాకలేదు, ఇప్పుడు తేడా 0.18 సెకన్లు. మా తరం అమ్మాయిలకు ఆ రోజు ఎంత సంతోషం కలిగిందో మాటల్లో చెప్పలేను.

రేణిగుంట_రైలు

చిన్న సందేహం. మన అలిపిరి మెట్ల దారిలో పరుగెత్తి ఎక్కేవారి సమయాలు కూడా రికార్డులు అవుతాయా? మా స్నేహితుల మధ్య దీనిమీద ఎప్పుడూ పందేలే.

పీలేరు_వ్యాయామం

నాయనా, అది మంచి వ్యాయామం, అంతకంటే మంచి భక్తి. రికార్డు అనిపించుకోవాలంటే కొలిచిన మార్గం, ఒకే ఆరంభం, ఒకే ముగింపు, అధికారిక సమయపాలన, అందరికీ ఒకే పరిస్థితి ఉండాలి. మూడు వేల అయిదువందలకు పైగా మెట్లు, నడుమ భక్తుల గుంపులు, మెట్టు మెట్టుకూ పసుపు రాస్తూ ఎక్కే తల్లులు. వారిని తోసుకుంటూ పరుగెత్తి ఎవరి సమయం కొలుస్తారు? ఇండియానాపొలిస్‌లో అన్ని ఏర్పాట్లూ ఉండి కూడా ఒక గాలి మీటర్ వల్ల 38 ఏళ్లుగా అనుమానం తీరలేదు.

శ్రీకాళహస్తి అమ్మాయి చెప్పిన దానికి మన దేశం సంగతి కలుపుతాను. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన మిల్ఖాసింగ్ 400 మీటర్ల జాతీయ రికార్డు 1998 వరకు, 38 ఏళ్లు నిలిచింది. శ్రీరామ్‌సింగ్ 1976లో మాంట్రియల్‌లో 800 మీటర్లను 1 నిమిషం 45.77 సెకన్లలో పరుగెత్తారు. జిన్సన్ జాన్సన్ దానిని దాటడానికి 2018 వరకు ఆగవలసి వచ్చింది. 1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోగొట్టుకున్న పి.టి. ఉష 55.42 సెకన్లను 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విద్యా రామ్‌రాజ్ సమం చేశారు, 39 ఏళ్ల తరువాత. మారథాన్‌లో శివనాథ్‌సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలకు చేర్చిన గుర్తును నాలుగు దశాబ్దాలకు పైగా ఎవరూ దాటలేదు.

వీటిని మనం గర్వంగా చెప్పుకుంటాం. నాకైతే వీటిలో గర్వం సగమే. మిల్ఖా, ఉష గొప్పవారు. కాని ప్రపంచం ముందుకు పరుగెత్తుతుండగా ఒక దేశంలో ఒక రికార్డు నలభై ఏళ్లు కదలకుండా ఉన్నదంటే, ఆ తరువాతి పిల్లలకు ట్రాక్, కోచ్, తిండి, పోటీలు అందలేదని అర్థం. నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం పిల్లలను మట్టి ట్రాక్ మీదే పరుగెత్తించాను. వాన పడితే సున్నపు గీతలు కొట్టుకుపోయేవి. సౌకర్యం దొరికితే ఏమవుతుందో మన విశాఖపట్నం జ్యోతి యర్రాజి చూపించింది. 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి ఉన్న అనురాధా బిస్వాల్ 13.38 రికార్డును 2022 మేలో 13.23తో దాటి, ఏడాదిన్నరలోపే దానిని 12.78కి దించింది. ఇరవై ఏళ్లు కదలని సంఖ్య ఒకసారి కదలగానే జారుతూనే పోయింది.

పుత్తూరు_హాకీ

హాకీని మరచిపోకండి. 1932 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో భారత్ అమెరికాపై 24–1తో గెలిచింది. రూప్‌సింగ్ 10, ధ్యాన్‌చంద్ 8 గోల్స్ కొట్టారు. 1928 నుంచి 1956 వరకు వరుసగా ఆరు స్వర్ణాలు మనవే. నిజాయితీగా చెప్పాలంటే 1932లో హాకీకి వచ్చినవి మూడే జట్లు: మనం, జపాన్, అమెరికా. కాబట్టి 24–1కంటే ఆరు వరుస స్వర్ణాలకే నా ఓటు. ఫుట్‌బాల్‌లో అయితే 1958 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ ఆటగాడు జస్ట్ ఫాంటేన్ ఆరు మ్యాచ్‌లలో కొట్టిన 13 గోల్స్.

మదనపల్లె_ఈటె

మాస్టారు గారు రికార్డు ఎందుకు కదలదో చెప్పారు, ఎలా కదులుతుందో నేను రెండు ఉదాహరణలు ఇస్తాను. 1968 అక్టోబరు 18న మెక్సికో నగరంలో బాబ్ బీమన్ లాంగ్ జంప్‌లో 8.90 మీటర్లు దూకారు. అంతకు ముందరి ప్రపంచ రికార్డు 8.35. ఒక్క దూకుడుతో 55 సెంటీమీటర్లు! కొలవడానికి పెట్టిన పరికరం అంత దూరం చేరక టేపు తెప్పించి కొలవవలసి వచ్చింది. ఆ నగరం సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పలుచన; వెనుకనుంచి వీచిన గాలి అనుమతించిన గరిష్ఠం, సరిగ్గా 2.0. వచ్చే శతాబ్దం దాకా ఇది నిలుస్తుందని అప్పట్లో చాలామంది అనుకున్నారు. 1991 ఆగస్టు 30న టోక్యోలో మైక్ పవెల్ 8.95 దూకారు.

ఇందులో ఎవరూ పట్టించుకోని సంగతి ఒకటుంది. బీమన్ రికార్డు నిలిచింది 23 ఏళ్లలోపే. పవెల్‌ది ముప్పై ఏళ్లు దాటి ఇంకా కొనసాగుతోంది. అయినా అద్భుతం అనగానే అందరూ బీమన్ పేరే చెబుతారు. పాత రికార్డును ఎంత తేడాతో దాటారన్నది మనల్ని ఆశ్చర్యపరుస్తుంది గాని, ఆ రికార్డు ఎంతకాలం ఉంటుందో దానినిబట్టి చెప్పలేం.

రెండో ఉదాహరణ డిస్కస్. యుర్గెన్ షుల్ట్ 1986లో విసిరిన 74.08 పురుషుల అథ్లెటిక్స్‌లో అన్నిటికంటే పాత ప్రపంచ రికార్డుగా దాదాపు 38 ఏళ్లు ఉంది. లిథువేనియా యువకుడు మికోలాస్ అలెక్నా 2024 ఏప్రిల్‌లో అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, రమోనా అనే చిన్న ఊరిలో 74.35 విసిరారు, మరుసటి ఏడాది అక్కడే 75.56 విసిరారు. పెద్ద స్టేడియం కాదు, ఆరుబయలు. డిస్కస్‌ను ఎత్తి మోసే ఎదురుగాలి వీచే చోటు. డిస్కస్‌కు గాలి పరిమితి నిబంధన లేదు. కుర్రవాడి బలంలో సందేహం లేదు, దానికి తగిన చోటు కూడా దొరికింది.

గ్రీమ్స్‌పేట_గణితం

ఇప్పటివరకు ఎవరూ ప్రస్తావించని రకం ఒకటి ఉంది: ఇప్పుడు ఎవరికీ అక్కరలేని రికార్డు. 1964 జనవరిలో మద్రాసులో ఇంగ్లండ్‌పై బాపూ నాడ్‌కర్ణి వరుసగా 21 మెయిడెన్ ఓవర్లు (ఒక్క పరుగూ ఇవ్వని ఓవర్లు) వేశారు. ఆ ఇన్నింగ్స్‌లో ఆయన లెక్క 32 ఓవర్లు, 27 మెయిడెన్లు, 5 పరుగులు, వికెట్లు లేవు. ఈనాటి బ్యాటర్ నాలుగు మెయిడెన్లు దాటగానే స్వీప్‌కో, రివర్స్ స్వీప్‌కో దిగుతాడు; అంతకు ముందే కెప్టెన్ బౌలర్‌ను మార్చేస్తాడు. నాడ్‌కర్ణిని దాటాలంటే బౌలర్ నైపుణ్యం ఒక్కటి సరిపోదు, పరుగు వద్దనుకునే బ్యాటర్ కూడా దొరకాలి.

జిమ్ లేకర్ సంగతి మరీ విచిత్రం. 1956లో ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆస్ట్రేలియాపై 9/37, 10/53, మొత్తం 90 పరుగులకు 19 వికెట్లు. దీనిని దాటడానికి మిగిలిన సంఖ్య ఒక్కటే, 20. పిచ్ స్పిన్‌కు అనుకూలించిందని చెప్పి తేల్చేయలేం. అదే పిచ్‌పై రెండో చివర నుంచి టోనీ లాక్ రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 69 ఓవర్లు వేసి ఒకే వికెట్ తీశారు. ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లు ఆ తరువాత 1999లో ఢిల్లీలో కుంబ్లేకు, 2021లో ముంబైలో అజాజ్ పటేల్‌కు దక్కాయి. రెండో ఇన్నింగ్స్‌లో కూడా అదే జరగాలంటే మిగిలిన నలుగురు బౌలర్లకు అయిదు రోజులపాటు ఒక్క వికెట్ కూడా పడకూడదు.

కొర్లగుంట_క్రికెట్

మేడమ్ గారు చెప్పిన “అక్కరలేని” అన్న మాటకు దగ్గరగా ఈ మధ్యనే ఒకటి జరిగింది. 2004లో ఆంటిగ్వాలో బ్రయన్ లారా ఒకే టెస్టు ఇన్నింగ్స్‌లో చేసిన 400 నాటౌట్ చెరగదని నేను అనుకోలేదు, ఎందుకంటే పదేళ్ల వ్యవధిలోనే 375, 380, 400 అని అది చేతులు మారింది. 2025 జులైలో బులవాయోలో దక్షిణాఫ్రికా కెప్టెన్ వియాన్ మల్డర్ జింబాబ్వేపై 367 నాటౌట్ వద్ద ఉన్నారు. అది రెండో రోజు భోజన విరామ సమయం, చేతిలో మూడు రోజులకు పైగా ఆట ఉంది, ఎదురుగా బలహీనమైన బౌలింగ్. ఆయన ఇన్నింగ్స్ డిక్లేర్ చేశారు. ఆ రికార్డు లారా పేరు మీదే ఉండటం సరైనదని చెప్పారు. మంచితనమో, పొరపాటో ఎవరికి వారు తేల్చుకోవచ్చు. నేనైతే భోజనం మానేసి ఆడేవాడిని.

దీని తరువాత మాస్టారు గారికి నా వాదన మార్చి చెబుతాను. మురళీధరన్ 800కు నా ఓటు అలాగే ఉంది. సచిన్ వందకు మాత్రం క్యాలెండర్ కాపలా ఉందని ఒప్పుకుంటే, మురళీధరన్‌కు కూడా ఒప్పుకోవలసి వస్తుంది కదా అని చంద్రగిరి అక్కగారు అడుగుతారు. నా జవాబు మ్యాచ్‌కు ఆరు వికెట్లు. వార్న్‌కు 145 టెస్టులు దొరికాయి, ఆండర్సన్‌కు 188 దొరికాయి. మురళీధరన్‌కంటే ఎక్కువ అవకాశం పొందినవారు కూడా ఆయన దగ్గరికి రాలేదు.

పీలేరు_వ్యాయామం

అది బలమైన జవాబు, దానిని స్వీకరిస్తున్నాను. అవకాశాన్ని లెక్కలోంచి తీసివేసిన తరువాత కూడా మిగిలే దూరమే నేను మొదటినుంచి వెతుకుతున్నది. ఆ కొలతతోనే బ్రాడ్‌మన్‌ను మళ్లీ పరీక్షించడానికి సరికొత్త ఉదాహరణ ఒకటి మన కళ్ల ముందే ఉంది.

1930లో ఇంగ్లండ్‌లో అయిదు టెస్టుల సిరీస్‌లో బ్రాడ్‌మన్ 974 పరుగులు చేశారు. ఒక సిరీస్‌లో అంతకంటే ఎక్కువ ఈనాటికీ ఎవరూ చేయలేదు. ఇప్పుడు అయిదు టెస్టుల సిరీస్‌లే కరువయ్యాయి కనుక అది నిలిచిందని ఎవరైనా అనవచ్చు. 2025 వేసవిలో అదే ఇంగ్లండ్‌లో శుభ్‌మన్ గిల్‌కు పూర్తిగా అయిదు టెస్టులు దొరికాయి. పిచ్‌లు బ్యాటర్లకు బాగానే సహకరించాయి. ఎడ్జ్‌బాస్టన్ టెస్టు ఒక్కదానిలోనే 269, 161 చేశారు. సిరీస్ మొత్తం మీద 754 పరుగులు, ఒక భారత కెప్టెన్‌కు అదే అత్యధికం. బ్రాడ్‌మన్‌కంటే 220 తక్కువ. గిల్ ఆడింది పది ఇన్నింగ్స్. బ్రాడ్‌మన్‌కు ఆ సిరీస్‌లో బ్యాటింగ్ దక్కింది ఏడింటిలోనే.